వాత వేసిన మంద

యూటా కొండల్లో పశువుల ఆసామికి వాతే దస్తావేజు. బాగా కాల్చిన ఇనుము దూడ తొడకు తగలగానే వెంట్రుకలు కమిలి తెల్లటి పొగ లేస్తుంది. ఇక ఆ దూడ ఫలానా కుటుంబానిది. కానీ 1847లో సాల్ట్ లేక్ లోయ చేరిన మార్మన్ మతస్థుల విశ్వాసం ఆ సొత్తును పూర్తిగా 'నాది' అననివ్వదు. రాబడిలో పదోవంతు చర్చికి చెల్లాలి. చేతిలో డబ్బు ఆడని తొలి రోజుల్లో ఆవులు, గొర్రెలు, ఎండుగడ్డి, వెన్న కూడా ఆ లెక్కకింద చర్చి కొట్లకు చేరేవి. ఆదివారం పని మానమంటుంది మతం. ఈనబోయే ఆవు సోమవారం దాకా ఆగదు. మంద తనదే, తాను మాత్రం దానికి ధర్మకర్త: ఈ ఆసామి బతుకులో నన్ను కట్టిపడేసేది ఈ భావనే.

ధర్మకర్తలే అయితే నేలను ఎందుకు పాడుచేశారని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మాంటై ఊరి పైనున్న కొండలను గొర్రెలు బోడిచేశాయి, 19వ శతాబ్దం చివర్లో వరదలు ఊళ్లోకి బురద మోసుకొచ్చాయి. అయితే ఆ కొండకు రక్షణ కావాలని ప్రభుత్వాన్ని కోరిందీ ఆ ఊరివాళ్లే. 1903లో అది అటవీ రిజర్వు అయింది. పిల్లలకు అప్పగించాల్సినవాటిలో మందతోపాటు కొండవాలు కూడా ఉందని, ఆలస్యంగానైనా, వాళ్లు ఒప్పుకున్నారు.