కువైట్ నగరం చూచాము

మేము మహబూలాలో ఉంటాము. ఇది కువైట్ దేశంలో సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. ఇక్కడ ఎత్తైన మేడలు చాలా ఉన్నాయి. వాటిలో ఎన్నో దేశాల పనివారు ఉంటారు. మా మేడ మెట్ల మీద తెలుగు, మలయాళం, బెంగాలీ, అరబ్బీ మాటలు వినబడతాయి. మా సొంత ఊరు రాయచోటి దగ్గర ఒక పల్లె. మా నాన్న పెద్ద పెద్ద మేడలలో ఏసీ యంత్రాలు బిగించే పని చేస్తారు.

ఫిబ్రవరి 25 కువైట్ జాతీయ దినం. 26 విమోచన దినం. ఇరాక్ సేనల ఆక్రమణ నుండి 1991లో ఈ దేశం విడుదల పొందింది. ఆ రెండు రోజులూ సెలవు. "ఈ సెలవులో నగరం చూద్దాం" అన్నారు నాన్న. పరీక్షలు కాగానే అమ్మ, నేను, తమ్ముడు మా ఊరికి వెళ్ళిపోవాలి. ఇంటి అద్దె, బడి ఫీజులు నాన్న జీతానికి మించిపోయాయి. నాన్న మాత్రం ఇక్కడే ఉంటారు. అందుచేత ఈ ప్రయాణం కోసం మేము ఎంతో ఎదురు చూచాము.

అమ్మ చిత్రాన్నం కట్టింది. ఉదయమే బస్సు ఎక్కాము. నగరం సుమారు 30 కిలోమీటర్ల దూరం. దారి పొడవునా జెండాలు కట్టారు. నగరం దగ్గర పడగానే అద్దాల మేడలు కనబడ్డాయి. నాన్న ఒక మేడను చూపించారు. "దాని 19వ అంతస్తులో గాలి గొట్టాలు మేమే బిగించాము" అన్నారు. తమ్ముడు ఆ మేడకు చెయ్యి ఊపాడు. నాన్న ఎన్నో ఏండ్లుగా ఈ నగరానికి పనికి వస్తున్నారు. చూడడానికి రావడం ఆయనకూ ఇదే మొదటిసారి.

మొదట కువైట్ టవర్స్ చూచాము. ఇవి మూడు గోపురాలు. 1979లో వీటిని ప్రజలకు తెరిచారు. అన్నిటికంటె పెద్దది 187 మీటర్ల ఎత్తు. దానికి రెండు గోళాలు ఉన్నాయి. పై గోళంలో నిలబడితే అది మెల్లగా తిరుగుతుంది. అర గంటలో ఒక చుట్టు పూర్తి అవుతుంది. ఒక వైపు నీలి సముద్రం, ఒక వైపు నగరం కనబడ్డాయి. కింది గోళంలో సగభాగం నీళ్ళ తొట్టి. రెండవ గోపురం గోళం నిండా నీళ్ళే. మూడవ గోపురానికి గోళం లేదు. దాని మీద దీపాలు ఉన్నాయి.

"ఇంత ఎత్తున నీళ్ళు ఎందుకు?" అని తమ్ముడు అడిగాడు.

"కువైట్‌లో నదులు లేవు నాయనా. సముద్రపు నీటిలోని ఉప్పును తీసి మంచినీరు చేస్తారు. ఎత్తున నిలువ ఉంచితే అది తానే ఇండ్లకు పారుతుంది. పూర్వం పడవల మీద ఇరాక్ వైపు నది నుండి నీళ్ళు తెచ్చుకొనేవారు" అన్నారు నాన్న.

తరువాత రేవుకు వెళ్ళాము. అక్కడ పాత కాలపు కొయ్య పడవలు కట్టి ఉన్నాయి. పూర్వం ఇటువంటి పడవలను మన మలబారు టేకుతో చేసేవారు. వాటి మీద ముత్యాల వేటకు వెళ్ళేవారు. ఈతగాడు ముక్కుకు బిగింపు పెట్టుకొని, కాలికి రాయి తగిలించుకొని మునిగేవాడు. పడవ మీద ఉన్నవాడు తాడు లాగి పైకి తెచ్చేవాడు. వేటకు పోయే ముందు ఈతగాడు పడవ యజమాని దగ్గర అప్పు తీసుకొనేవాడు. ముత్యాలు తక్కువగా దొరికితే అప్పు తీరేది కాదు. మరుసటి ఏడు మళ్ళీ ఆ పడవకే పోవాలి. కొన్నిసార్లు తండ్రి అప్పు కొడుకు మీద పడేది. 1938లో ఇక్కడ నూనె దొరికింది. ఆ తరువాత ముత్యాల వేట క్రమంగా ఆగిపోయింది.

తమ్ముడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "నాన్నా, మన ఇంటి అప్పు కూడా నా మీద పడుతుందా?" అని అడిగాడు.

"పడదు. నేను ఇంకా రెండేండ్లు ఇక్కడ ఉండేది అందుకే. నువ్వు చదువుకో" అన్నారు నాన్న. అమ్మ సముద్రం వైపు తిరిగి నిలబడింది.

సాయంకాలం ముబారకియా బజారుకు వెళ్ళాము. అది చాలా పాత బజారు. ఖర్జూరాలు, సుగంధ ద్రవ్యాలు, నగలు రాశులుగా ఉన్నాయి. 1961 వరకు ఈ బజారులో రూపాయలే చెల్లేవట. ఇప్పుడు దీనారులు చెల్లుతాయి. అవ్వ కోసం అమ్మ ఒక కిలో ఖర్జూరాలు కొన్నది.

పిల్లలారా! మీ పెద్దలు కూడా పని కోసం సముద్రం దాటినవారే. ఒప్పంద కూలీల ఓడలు 1834లో మారిషస్‌కు, 1860లో దక్షిణాఫ్రికాకు, 1879లో ఫిజీకి చేరాయి. చాలామంది అయిదేండ్ల ఒప్పందం మీద వెళ్ళారు. చెరకు తోటలలో పని చేశారు. ఎందరో అక్కడే ఉండిపోయారు. మా నాన్న విమానంలో వచ్చారు. పని ముగిసిన తరువాత ఇంటికి తిరిగి వస్తారు.

మా నాన్న బిగించిన గాలి గొట్టాలు బయటికి కనబడవు. ఆయన చెప్పినందువల్ల మాకు తెలిసింది. మీ ముత్తాతలు ఏ ఊరి నుండి వచ్చారు? ఏ ఓడలో వచ్చారు? ఏ పని చేశారు? మీ ఇంటిలోని పెద్దలను అడగండి. విన్నది తెలుగులో రాయండి.

ప్రశ్నలు

1. ఎత్తైన గోపురాలలో నీరు ఎందుకు నిలువ ఉంచుతారు?
2. ముత్యాల ఈతగాని అప్పు ఎందుకు తీరేది కాదు?
3. నాన్న ఇంకా రెండేండ్లు కువైట్‌లో ఎందుకు ఉంటారు?