కుదురులేని గుంటడు

"గుంటడికి క్షణం కుదురు లేదమ్మా, కాళ్లకి చక్రాలున్నాయి" అనని ఇల్లు మన బొబ్బిలి, పాలకొండ వైపు ఉంటుందా చెప్పండి! నాయనమ్మ పైడితల్లమ్మకి మొక్కుకుంటుంది. నాన్న బెత్తం తీస్తాడు. డాక్టర్లేమో ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం) అంటారు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు ఇలాంటివాళ్లని చూసి, తెలివికి లోటు లేదు, నైతిక నిగ్రహమే లోపమన్నాడు. వైద్యం ఆ మాట ఎప్పుడో ఒగ్గేసింది, మనం ఒగ్గలేదు.

కళింగపట్నం వైపు మా చుట్టాల పిల్లాడొకడున్నాడు. మూడో ఎక్కం రాయమంటే మూడార్ల దగ్గర ఆగిపోయి, పక్కన పడవ బొమ్మ వేస్తాడు. అదే గుంటడు తాత వల బాగుచేస్తుంటే గంటసేపు కదలడు. "చూశారా, కావాలంటే కూకుంటాడు, ఒట్టి నటన!" అంటుంది వాళ్లమ్మ. నటన కాదు తల్లీ. నచ్చినచోట మనసు అతుక్కుపోతుంది, చెప్పినచోట నిలవదు. ఆ మీట వాడి చేతిలో లేదు.

పెంపకంలో తప్పూ కాదు. మెదడు ఎదుగుదలలోనే ఉన్న తేడా ఇది, చాలావరకు వంశంలో వచ్చేది. అందుకే కొడుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిన నాన్న, అక్కడి ప్రశ్నలు విని "ఇవన్నీ నావే కదా" అని తెల్లబోతుంటాడు. గడువు దాటిన కరెంటు బిల్లు, సగంలో మానేసిన ఉద్యోగాలు, ఎదుటివాళ్ల మాట పూర్తి కానివ్వకపోవడం! వయసొచ్చాక గెంతులు తగ్గుతాయి గానీ లోపలి కంగారు మిగిలిపోతుంది. ఇక ఇదే తేడా ఉండి, కిటికీ పక్కన కూర్చుని ఎటో చూసే ఆడపిల్ల ఎవరి కంటా పడదు. అల్లరి చెయ్యదు కదా!

అలాగని ప్రతి అల్లరీ జబ్బు కాదు. మన కన్యాశుల్కం నాటకంలో వెంకటేశం పరీక్ష తప్పాడంటే గిరీశంలాంటి గురువు దొరకబట్టే! పన్నెండేళ్లలోపే మొదలై, ఇంట్లోనూ బడిలోనూ కనిపించి, ఆర్నెల్లకు పైగా సాగి, చదువునో బతుకునో దెబ్బతీస్తేనే డాక్టర్లు ఆ పేరు పెడతారు. రక్తపరీక్షలూ స్కానింగులూ దీన్ని తేల్చవు. పసివాళ్లయితే ముందు అమ్మానాన్నలకే శిక్షణ. ఆరేళ్లు దాటాక అవసరమైతే మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందులు, డాక్టరు కనిపెట్టుకుని ఉండగా.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికీ అంగన్‌వాడీకీ డాక్టర్లొస్తారు. వాళ్లు చూడాల్సిన జాబితాలో ఇదీ ఉంది. వాళ్లు బరువూ పళ్లూ చూసి పంపించేయకుండా, ఈసారి ఈ మాట కూడా మీరే అడగండి. పెద్దవాళ్లయితే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.