కొండోళ్ళూ, నా ఈలలూ

మొన్న తిరుచానూరులో ఇంట్లో ‘పుష్ప’ (2021) మళ్ళీ చూశా. నిజం చెప్పొద్దూ, అప్పట్లో హాల్లో ఈలలేసినవాణ్ణే. మన యాస వినబడితే ఆమాత్రం ఊపొస్తుంది కదా!

మన సినిమాల్లో కొండోళ్ళకి తరచూ రెండే వేషాలు: ఈకలు పెట్టుకుని హీరో చుట్టూ గెంతడం, లేకపోతే గుంపులో దుంగలు మోయడం.

దుంగల సీనుకి నేను నవ్వుతుంటే నాన్న అడిగాడు: "ఆ పొద్దు కాల్పుల్లో పోయినోళ్ళు గూడా కూలోళ్ళే గదరా. ఒకడి పేరన్నా తెలుసునా నీకు?"

2015 ఏప్రిల్ 7. మా మేడమీంచి కనబడే శేషాచలం కొండల్లోనే, పోలీసు కాల్పుల్లో 20 మంది పోయారు. చాలామంది తమిళనాడు కొండ ఊళ్ళనించి ఎర్రచందనం కొట్టే కూలికి వచ్చినవాళ్ళు.

ఒక్క పేరూ తెలియదు. పుష్పరాజ్ డైలాగులు మాత్రం వరసగా అప్పజెప్పగలను.