తరవాత జరిగిందా, దానివల్ల జరిగిందా?

కొత్త కోడలు అడుగుపెట్టిన నెలకే మామగారు మంచాన పడితే "ఆ పిల్ల కాలు మంచిది కాదు" అంటారు. కాకి వాలగానే తాటిపండు రాలితే కాకి బరువుకే రాలిందనుకోవడం లాంటిదే ఇదీ. కాకతాళీయం అన్న మాట మన భాషలో ఎప్పటినుంచో ఉంది. అయినా ఈ జబ్బు చదువుకున్నవాళ్ళని వదిలిందనుకోకండి. కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళలోనూ నేను చూశాను.

నేను ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి. మేం చేసే ప్రతి మార్పూ గిట్‌లో నమోదవుతుంది. లినస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ కెర్నల్ పని కోసం మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అది. ఒక్కో నమోదునీ కమిట్ అంటారు. ఈ చరిత్రని రెండు రకాలుగా చూడొచ్చు. మామూలుగా అడిగితే కొత్తవి పైన, పాతవి కింద వచ్చేలా ఒక జాబితా ఇస్తుంది. గ్రాఫ్ గీయమంటే ప్రతి కమిట్‌నీ ఒక చుక్కగా పెట్టి, అది ఏ కమిట్ మీద కట్టిందో దానికి గీత గీస్తుంది. పని రెండు దారులైతే కొమ్మలు చీలతాయి. మళ్ళీ కలిపినచోట, అంటే మెర్జ్ దగ్గర, ఒక చుక్కకి ఇద్దరు తల్లులుంటారు. జాబితా ఏది ముందో, ఏది తరవాతో చెబుతుంది. గ్రాఫ్ ఏది దేన్నించి పుట్టిందో చెబుతుంది.

కొన్నేళ్ళ కిందట మా ఆఫీసులో ఒక సోమవారం విడుదల చేసిన వెర్షన్‌లో బిల్లులు తప్పుగా లెక్కపడ్డాయి. అన్ని బ్రాంచిల జాబితా తీశారు. అందరికంటే పైన, కొత్తగా చేరిన ఒకమ్మాయి కమిట్ ఉంది. అదీ బిల్లుల ఫైల్లోనే! "ఈ అమ్మాయి చెయ్యి పడింది, ఇలా అయింది" అన్నారు. ఆమె ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. ఆ మాట పై అధికారి దాకా వెళితే ఉద్యోగమే పోవచ్చు.

నేను గ్రాఫ్ గీయించి అందరికీ చూపించాను. విడుదలైన చుక్క దగ్గర మొదలుపెట్టి గీతల వెంట ఎంత కిందకి దిగినా ఆమె కమిట్ తగల్లేదు. ఆ కొమ్మని ఇంకా కలపనే లేదు. మరి కలిసిందేమిటి? సోమవారం పొద్దున ఒక మెర్జ్ జరిగింది. దాని రెండో గీత మూడు వారాల వెనక్కి పోయింది. ఆ కమిట్‌ల తేదీలు పాతవి కాబట్టి జాబితాలో ఎక్కడో అడుగున పడి ఉన్నాయి. విడుదలలోకి వచ్చింది మాత్రం ఆ రోజే.

అప్పటికీ అది అనుమానమే, రుజువు కాదు. అందుకని బైసెక్ట్ నడిపాం. బాగా పనిచేసిన పాత వెర్షన్‌కీ దీనికీ మధ్య సుమారు 600 కమిట్‌లున్నాయి. ప్రతిసారీ సగానికి కోసి పరీక్షిస్తూ పోతే పదిసార్లలో దొరికింది. ఆ పాత కొమ్మలోనే, పైసల్ని రూపాయికి సవరించే లెక్కలో తప్పుంది. రాసింది ఒక సీనియర్. ఆయన చెయ్యి మంచిది కాదని ఎవరూ అనలేదు. సరిచేసి ముందుకి పోయారు. అమ్మాయి ఉద్యోగం నిలిచింది కానీ, ఆమెకి ఎవరూ క్షమాపణ చెప్పలేదు.

అలాగని గ్రాఫ్‌ని వేదం చెయ్యొద్దు. కమిట్ మీదున్న పేరూ తేదీ మనం ఏం రాసుకుంటే అవే. తల్లి కమిట్ గుర్తు సంగతి వేరు. పిల్ల కమిట్ గుర్తు లెక్కలో అది కలిసి ఉంటుంది. పాతదాన్ని మారిస్తే ఆ పైవాటి గుర్తులన్నీ మారిపోతాయి. గీత ఉంటే కారణం కావచ్చు, అంతే. విడుదలైన కోడ్‌కి గీతే లేకపోతే, ఆ కోడ్‌లోని తప్పుకి ఆ కమిట్ కారణం కాలేదు.

ఈసారి ఎవరైనా "ఫలానావాళ్ళు వచ్చాకే ఇలా అయింది" అంటే, మధ్యలో గీత ఎక్కడుందో చూపించమనండి. కోడలి విషయంలోనైనా సరే, కోడ్ విషయంలోనైనా సరే.