కొత్తకోడలు గెలాక్సీ

నేను బి.ఏ. చదివినదాన్ని. లెక్కల పరీక్ష ఇప్పటికీ కల్లోకొచ్చి నన్ను ఉలిక్కిపడేలా చేస్తుంది. అలాంటి నాకు మా అక్క కూతురు గెలాక్సీల పాఠం చెప్పింది. అదీ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ!

అది పరిశోధన చేస్తున్నది గెలాక్సీల గుంపుల మీద. గుంపంటే వందలు, వేలు గెలాక్సీల ఉమ్మడి కాపురం. 1933లో ఫ్రిట్జ్ జ్వికీ అనే ఆయన కోమా గుంపులో గెలాక్సీల వేగం లెక్కగట్టి ఆశ్చర్యపోయాడట. ఆ పరుగుకి అవి ఏనాడో చెల్లాచెదురు కావాలి. కంటికి కనబడని బరువేదో వాటిని పట్టి ఉంచుతోందన్నాడు. దాన్నే కృష్ణ పదార్థం అంటారు.

"అత్తగారన్నమాట" అన్నాను. అక్క నవ్వలేదు.

"అంత దూరం వెళ్ళి చూసేదెవరే?"

"వెళ్ళక్కర్లేదు పిన్నీ. కంప్యూటర్లో బుల్లి విశ్వాన్ని తయారుచేసి, 1380 కోట్ల ఏళ్ళ కథని వారాల్లో, నెలల్లో నడిపిస్తాం. అందులో పుట్టిన గుంపుల్ని టెలిస్కోపులు చూసినవాటితో పోలుస్తాం. కలవకపోతే ఎక్కడ తప్పామో వెతుకుతాం."

అమ్మ పెట్టిన పులుసు రుచి రావాలని మనం ఉప్పూ బెల్లం మార్చి మార్చి చూసుకోమూ? అలాగే.

తరవాత చెప్పిన సంగతే నా మనసులో ముల్లులా గుచ్చుకుంది. గుంపులో గెలాక్సీల మధ్య చోటు ఖాళీ కాదట. కోట్ల డిగ్రీల వేడితో పల్చటి వాయువు నిండి ఉంటుందట. కొత్త గెలాక్సీ సెకనుకి వెయ్యి కిలోమీటర్లకు పైగా వేగంతో అందులోకి వచ్చి పడితే, ఎదురుగాలికి పైట ఎగిరిపోయినట్టు దాని చల్లటి వాయువు ఊడ్చుకుపోతుందట. 1972లో గన్, గాట్ అనే శాస్త్రజ్ఞులు ఈ మాట రాశారు. ఆ వాయువే నక్షత్రాలకి ముడిసరుకు. అది పోయాక కొత్తవి పుట్టవు. ఉన్నవి వెలుగుతూనే ఉంటాయి కనక, పైకి చూసేవాళ్ళకి లోటేమీ తెలియదు.

నేను అక్కకేసి చూశాను.

పెళ్ళికి ముందు అక్క వీణ కచేరీలు చేసేది. పధ్నాలుగు మందున్న ఇంటికి కోడలైంది. వాయించొద్దని ఎవరూ అనలేదు. పాపం, అందరూ మంచివాళ్ళే. కాఫీలు, టిఫిన్లు, పురుళ్ళు, పుణ్యాలు... ఆ ఎదురుగాలికి వీణ అటకెక్కింది. "ఎంత బాగా కలిసిపోయిందో!" అని మెచ్చుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

"అయితే ఆ గెలాక్సీ పని ఇక అంతేనా?" అక్క హఠాత్తుగా అడిగింది.

"అన్నిటికీ అలా కాదమ్మా. నార్మా గుంపులో పడుతున్న ఒక గెలాక్సీని చంద్ర టెలిస్కోపుతో చూశారు. మన చంద్రశేఖర్ గారి పేరు పెట్టిందే. ఊడిన వాయువు వెనక 2 లక్షల కాంతి సంవత్సరాలకి పైగా తోకలా సాగి ఉంది. ఆ తోకలో కొత్త నక్షత్రాలు పుడుతున్నాయని వేరే టెలిస్కోపులతో కనిపెట్టారు."

అంటూనే అది ఏదో కూనిరాగం అందుకుంది. మోహన. దానికి ఎవరూ సంగీతం చెప్పించలేదు. జోలపాటల్లో విన్నదే కాబోలు. అక్క చెయ్యి చిక్కుడుకాయ వదిలేసి, పీట అంచుమీద మెల్లిగా తాళం వేస్తోంది.

"అక్కా, మీ ఇంట్లో నిచ్చెన ఎక్కడుందే?" అన్నాను.

"ఎందుకూ?"

"అటక దులుపుదామని."

మీ ఇంట్లో అటక దులిపి ఎన్నాళ్ళయింది?