పేరు కారంతుగారిది, నేల రైతుది

యలహంకకు పడమటనున్న పల్లెలలో రాగి చేలను, అనప పాదులను చూచుచు పెరిగినవాడను. సోమశెట్టిహళ్ళి, మేడి అగ్రహారము, బ్యాలకెరె మొదలగు 17 గ్రామములలో 3,546 ఎకరములను ఇండ్ల స్థలములకై సేకరింతుమని బెంగళూరు అభివృద్ధి ప్రాధికార సంస్థ 2008లో ప్రకటించెను. వ్యాజ్యములు చాలకాలము సాగినవి. తుదకు 2018లో సుప్రీంకోర్టు సేకరణను కొనసాగింపుమని ఆజ్ఞాపించెను.

ఆ లేఅవుటునకు డాక్టరు శివరామ కారంతుగారి పేరు పెట్టిరి. వారు 1977లో జ్ఞానపీఠ పురస్కారమందిన కన్నడ రచయిత. పడమటి కనుమల అడవులను కాపాడుటకై కైగా అణువిద్యుత్కేంద్రమును ముదిమిలో ఎదిరించిన ధీరులు. పచ్చని చేలను చదును చేసి, వానిపై అట్టి మహనీయుని పేరు వ్రాయుట నాకు సమ్మతము కాదు.

"పట్టణమునకు ఇండ్లు వలదా?" అని మిత్రులడుగుదురు. వలయును. కాని మన నగరము చెంత పెద్ద నది లేదు. కావేరి నీటిని సుమారు 100 కిలోమీటర్ల నుండి పైకెత్తి తెచ్చుకొనుచున్నాము. చేనిలో కురిసిన వాన కొంత నేలలో ఇంకును, కొంత కాలువల వెంట చెరువు చేరును. ఆ నేలను సిమెంటుతో కప్పినచో వాననీరు వీధులపై బడును, బావులు ఎండును. ధర్మాంబుధి చెరువు బస్సుస్టాండయినది. సంపంగి చెరువు కంఠీరవ స్టేడియమయినది. ఇంకెన్ని పోగొట్టుకొందము?

తోడి విద్యార్థులారా! మన మాట తెలుగైనను, మనము త్రాగు నీరు ఈ నాటిదే. అక్కడ చెరువులను, వాననీటి కాలువలను ముట్టక విడువవలెను. నేల కోల్పోయిన రైతునకు పరిహారము ఆలస్యము లేక అందవలెను. ఈ రెండును జరుగనిదే కారంతుగారి పేరు ఆ నేలకు తగదు.