మంచి టీ – ఒక మనవి

దేశ రాజకీయాలు మొదలు దేవుడి ఉనికి దాకా మన హాస్టల్లో సమస్తమూ తేలేది టీ గ్లాసు దగ్గరే. ఆ టీ బాగుండాలని మాత్రం ఎవరూ పట్టుబట్టరెందుకో!

ఆంగ్ల రచయిత జార్జ్ ఆర్వెల్ 1946లో మంచి టీకి 11 సూత్రాలు రాశాడు. అందులో పంచదార వద్దన్నాడు. మా అమ్మ వింటే "పాపం, షుగరు జబ్బేమోరా" అంటుంది!

ఆయన చెప్పింది ఆకు టీ సంగతి. మన కొట్లలో దొరికేది ఎక్కువగా సి.టి.సి. పొడి. ఆకును నలిపి, చింపి, ఉండచుట్టే ఈ పద్ధతి 1930లలో అస్సాంలో పుట్టింది. ఈ పొడికి రంగు తొందరగా దిగుతుంది, పాలు పోసినా రుచి చావదు.

ఇద్దరికి కప్పున్నర నీళ్లు, ముప్పావు కప్పు పాలు, రెండు చెంచాల పొడి చాలు. ముందు నీళ్లలో అల్లం మరగాలి. పచ్చి అల్లం పాలను విరగ్గొడుతుంది. తర్వాత పొడి వేసి రెండు నిమిషాలు, పాలు పోసి రెండు పొంగులు, అంతే. వాడిన పొడినే మళ్లీ మరిగిస్తే మిగిలేది వగరే.

మొన్న ఫీజు డబ్బు తెచ్చిన నాన్నను హోటలుకు రమ్మంటే "ఎందుకురా ఖర్చు" అన్నాడు. గదిలోనే టీ పెట్టిచ్చాను. తాగి, గ్లాసు వంక చూసి, "ఇంకొంచెం ఉందా?" అన్నాడు. ఆయన దేన్నైనా రెండోసారి అడగడం నేనెరగను.

ఆ గ్లాసుకూ కొత్త పొడే వేశాను.